కావలివానికిని కట్టడి

ప్రాసెసర్ శ్రమను, మెమరీ వినియోగమును, డిస్కులందు మిగిలిన చోటును రేయింబవళ్ళు కనిపెట్టుచుండు కలెక్ట్‌డీ వంటి డీమన్ (తెర వెనుక నిరంతరము నడచు ప్రోగ్రాము), అన్నిటిని చూడవలసినదగుటచేతనే, శత్రువు చేజిక్కినచో మిక్కిలి యపాయకరమగును. ఇట్టి యపాయమును అరికట్టుటకై, అమెరికా జాతీయ భద్రతా సంస్థ 2000 డిసెంబరులో వెలువరింపగా, 2003లో లినక్స్ కెర్నెల్ 2.6లో భాగముగా విడుదలైన ఎస్ఈలినక్స్, ప్రతి ప్రాసెస్‌కును, ప్రతి ఫైలుకును ఒక ముద్ర వేసి, ఏ ముద్ర గలది దేనిని చదువవచ్చునో, దేనిపై వ్రాయవచ్చునో ముందే శాసించును. ఆ శాసనమున లేని పనిని, అడుగువాడు సర్వాధికారి యగు రూట్ అయినను, కెర్నెల్ నిరాకరించును.

అట్లు కట్టడి చేయబడిన కలెక్ట్‌డీ, యంత్రపు గణాంకములను చదువగలదు గాని, పాస్‌వర్డుల గూఢరూపములుండు షాడో ఫైలు జోలికి పోజాలదు; టీసీపీ మార్గమున వెలుపలి యంత్రములను చేరుటకైనను నిర్వాహకుడు ప్రత్యేకముగా అనుమతింపవలెను.

నిరాకరణ కలిగినంతనే విసిగి యీ రక్షణనే తొలగించువారు పెక్కురు; అది యెంతమాత్రమును తగదు. ఆ డీమన్ నొక్కదానినే అతిక్రమణలను అడ్డగింపక నమోదు మాత్రమే చేయు పర్మిసివ్ స్థితియందుంచి, ఆడిట్ లాగ్‌లో నమోదైన యతిక్రమణలను ఓపికతో పరిశీలించి, నిజముగా నవసరమైన యనుమతిని మాత్రమే చేర్పవలెను.