ఆ గుయ్యిమనే రొద ఏం చెబుతోంది?

మా అత్తయ్య గొంతు ఎంత బాగుంటుందో నూజెండ్లలో మా వీధి వీధంతా చెబుతుంది. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. నా పెళ్ళిలో ఆవిడ పాడిన మంగళహారతిని మామయ్యగారు క్యాసెట్‌లో పట్టి, బీరువాలో భద్రంగా దాచారు. మొన్న మాఘమాసంలో మా ఆడపడుచు ఫోన్ చేసి, "వదినా, పిల్ల పెళ్ళిలో అమ్మ హారతి వినిపించాలి. ఆ పాట ఫోన్‌లోకి ఎక్కించి పంపవూ" అంది.

ఎంతలో పని అనుకున్నాను. మామయ్యగారి పాత టేప్‌రికార్డరును ఆంప్లిఫయరుకి తగిలించి మీట నొక్కానో లేదో, 'గుయ్య్...' మని ఒకటే రొద. అత్తయ్య గొంతు ఆ రొద వెనకాల ఎక్కడో, మూసిన తలుపుల అవతల్నుంచి పిలుస్తున్నట్టుంది. మావారు బజారుకు తీసుకెళ్ళి చూపిస్తే, "పాతదైపోయిందండీ, కొత్తది కొనుక్కోండి" అన్నారట. నాకు మనసొప్పలేదు. బియ్యంలో రాయి ఉందని బియ్యమంతా పారబోస్తామా? ఏరుకుంటాం. అలాగే ఏరదామని కూర్చున్నాను.

రొద ఎక్కణ్ణుంచి వస్తుంది?

మన ఇళ్ళకొచ్చే కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపు పాట నడిచే సన్నటి తీగలోకి చొరబడితే మనకి గుయ్యిమని వినిపిస్తుంది. 'స్‌స్‌' మని సన్నగా వినబడేది వేరు. అది చాలావరకు క్యాసెట్ టేపుదే. దాన్ని భరించాల్సిందే.

ముందు వాల్యూమ్ పూర్తిగా తగ్గించి చూడండి. అప్పటికీ రొద అంతే ఉంటే లోపం ఆంప్లిఫయరు లోపలే. కరెంటును సాఫు చేసే కెపాసిటర్లు ఏళ్ళు గడిచేకొద్దీ ఎండిపోతాయి. అది మెకానిక్ పని, మూత మనం తియ్యకూడదు. వాల్యూమ్‌తో పాటు రొద కూడా తగ్గితే బయటినుంచి వస్తున్నట్టు. మా ఇంట్లో తగ్గింది!

ఒక్కొక్క తీగా ఊడదీసి...

స్విచ్ కట్టేసి ఒక్కొక్క తీగా తీస్తూ, మళ్ళీ వేసి విన్నాను. టీవీ సెట్‌టాప్ బాక్సు నుంచి వచ్చే తీగ తియ్యగానే సగం రొద పోయింది. మిగతా సగం? టేప్‌రికార్డరు ఆంప్లిఫయరు నెత్తినే కూర్చుంది. కింద ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ ఊపు పైదానికి తగులుతోందన్నమాట. రెండు మూరల దూరం జరిపాను. కరెంటు తీగతో పెనవేసుకుని ఉన్న పాట తీగను విడదీసి పక్కకు తప్పించాను. అత్తయ్య ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టే వినబడింది. కళ్ళు తుడుచుకుని ఫోన్‌లోకి పట్టాను.

పని అయిపోయింది. కానీ ఒక అనుమానం మిగిలింది. తీగలు సర్దేటప్పుడు ఆంప్లిఫయరు ఇనుప డబ్బాకి చెయ్యి తగిలితే సన్నగా జివ్వుమంది. చెయ్యి ఆనించినంత సేపూ రొద కూడా తగ్గింది. ఎందుకలా?

అసలు దొంగ దొరికింది

కరెంటు పనిచేసే అబ్బాయిని పిలిపించాను. ఇంటి చుట్టూ తిరిగి చూసి, "అక్కా, మీ ఇంటికి ఎర్తే లేదు" అన్నాడు. గోడ పక్కన ఎర్త్ తీగ తుప్పుపట్టి తెగిపోయి ఉంది. ఎన్నాళ్ళయిందో! నా గుండె ఝల్లుమంది. ఫ్రిజ్జుకీ, గ్రైండరుకీ, నీళ్ళ మోటారుకీ ఆ ఎర్తే దిక్కు. తడి చేతులతో, ఒట్టి కాళ్ళతో రోజూ పిండి రుబ్బుతున్నది నేనేగా! లోపల ఒక తీగ తెగి గ్రైండరు డబ్బాకి ఆనుకుని ఉంటే, ఈ వ్యాసం రాయడానికి నేను ఉండేదాన్ని కాదేమో.

ఆ రోజే కొత్త తీగ వేయించాం. బొగ్గు, ఉప్పు వేసి గుంట నింపించాం. ఎర్త్ పనిచెయ్యాలంటే నేలలో తడి ఉండాలి. మన పల్నాడు ఎండలకి నేల ఎలా బీటలిస్తుందో చెప్పక్కర్లేదు. వేసవిలో అప్పుడప్పుడూ ఆ గుంటలో రెండు బిందెల నీళ్ళు పొయ్యండి. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు దారి తప్పినా దానంతటదే ఆగిపోయే స్విచ్చి దొరుకుతుంది. అది కూడా పెట్టించుకుంటే మరీ మంచిది.

ఇంకో మాట. రొద పోతుందని కొందరు మూడు పిన్నుల ప్లగ్గులో లావుపాటి పిన్ను విరిచేస్తారు. ఒక్కోసారి రొద నిజంగానే పోతుంది. దాంతోపాటు మన రక్షణా పోతుంది. దానికి బదులు టీవీ, ఆంప్లిఫయరు, టేప్‌రికార్డరు అన్నీ ఒకే బోర్డుకి తగిలించండి. వేర్వేరు బోర్డుల ఎర్తుల మధ్య తేడా వల్ల వచ్చే రొద చాలావరకు తగ్గుతుంది. డబ్బా జివ్వుమంటోందని అనుమానం వస్తే మళ్ళీ ముట్టుకుని చూడకండి. వెంటనే స్విచ్ కట్టేసి, పని తెలిసినవాళ్ళని పిలవండి.

పెళ్ళిలో హారతి మొదలవగానే పందిరంతా నిశ్శబ్దమైపోయింది. మా ఆడపడుచు నా చెయ్యి పట్టుకుని, "అమ్మే వచ్చి పాడినట్టుంది వదినా" అంది. పాడటమేనా, పోతూ పోతూ నన్ను కూడా కాపాడింది అనుకున్నాను మనసులో.