మట్టిలోని భక్తి పతకములు

పాతకాలపు రేడియో మీట త్రిప్పుచున్నప్పుడు ఒక స్టేషనుకును, దాని ప్రక్కనున్న స్టేషనుకును నడుమ సన్నని ఈల వినిపించుట మన శ్రోతలలో చాలమందికి అనుభవములో నున్న విషయమే. రెండు తరంగములు కలిసినప్పుడు, వాని పౌనఃపున్యముల మధ్య గల తేడాయే ఈలయై మన చెవి సోకును. మనకు విసుగు పుట్టించు ఈ ఈలనే ఆధారము చేసికొని, భూమిలో దాగిన లోహమును పసిగట్టు యంత్రమును నిర్మించినారు. నేడు మెటల్ డిటెక్టరని పిలువబడు సాధనపు తొలి రూపములలో ఇది యొకటి. తీగచుట్టను నేలకు దగ్గరగా ఆడించుచు నడచినచో, క్రింద లోహపు తునక యున్నచోట ఈల స్వరము మారును. ఇప్పటి యంత్రములలో పెక్కింటి పద్ధతి వేరు: ఒక చుట్ట నేలలోనికి అయస్కాంత క్షేత్రమును పంపగా, లోహము నుండి వచ్చు ప్రతిస్పందనను మరియొక చుట్ట గ్రహించును. ఏమైనను ఇది రేడియోకు దగ్గరి చుట్టమే.

టెలిఫోను సృష్టికర్తగా పేరొందిన అలెగ్జాండర్ గ్రాహం బెల్, 1881లో తుపాకి దెబ్బ తిన్న అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డు శరీరములోని గుండును వెదకుటకు ఇటువంటి సాధనమునే ప్రయోగించినాడు, ప్రయత్నము ఫలింపలేదు. రెండవ ప్రపంచ యుద్ధములో మందుపాతరలను వెదకు సైనికుల చేతికి ఈ యంత్రము వచ్చినది. యుద్ధము ముగిసిన పిమ్మట సామాన్యుల చేతికి చేరి, ఇంగ్లండు వంటి దేశములలో సెలవునాటి వ్యాసంగమైనది.

ఆ పొలములలో నిధినిక్షేపములు దొరకుట బహు అరుదు. దొరకునవి మేకులు, గుండీలు, అరిగిన నాణెములు. వానితోపాటు అప్పుడప్పుడు బొటనవ్రేలి గోరంత కోలబిళ్ళ యొకటి. ఒక ప్రక్క మరియమాత, మరియొక ప్రక్క ఎవరో పునీతుడు. తిరుపతి యాత్ర చేసివచ్చినవారు వేంకటేశ్వరుని డాలరును మెడలో వేసికొన్నట్లే, కతోలిక క్రైస్తవులు ఇట్టి బిళ్ళలను మెడలోనో, జపమాలకో కట్టుకొందురు. అంతకు పూర్వము మధ్యయుగములలో యాత్రికులు సీసముతోను, తగరముతోను పోతపోసిన చిహ్నములను టోపీలకు కుట్టుకొని ఇండ్లకు మరలివచ్చెడివారు. రోములోని పునీత పేతురు దేవాలయపు అధికారులకు అట్టి చిహ్నములను పోతపోయు హక్కును మూడవ ఇన్నోసెంటు పోపు 1200లో ధ్రువపరచినాడు. మెడలో వ్రేలాడు పతకముల వాడుక పదునారవ శతాబ్దము నుండి విస్తరించినది.

అరచేతిలోని మట్టిబిళ్ళను చూచినవాని మొదటి ప్రశ్న: ఇది ఎప్పటిది? బిళ్ళపై సంవత్సరమున్నచో ప్రశ్న తీరినదని సంతోషింతుము. తరచుగా పొరపాటు జరుగునది అక్కడనే.

యూరపు ఖండమున విరివిగా దొరకు ఒక పతకమును తీసికొందము. మరియమాత భూగోళముపై నిలిచి సర్పమును త్రొక్కుచుండును. చేతుల నుండి కిరణములు వెలువడుచుండును. వెనుకవైపున సిలువతో కూడిన 'ఎం' అక్షరము, రెండు హృదయములు, చుట్టును పండ్రెండు నక్షత్రములు. అడుగున 1830 అని సంవత్సరము. ఆ యేడు నవంబరులో పారిస్ నగరమందలి కన్యకామఠములో కాథరిన్ లబూరే అను యువతికి మరియమాత దర్శనమిచ్చి, ఇట్టి పతకమును చేయింపుమని చెప్పినట్లు విశ్వాసము. తొలి పతకములు తయారైనది 1832లో. ఆ యేటనే పారిస్‌లో కలరా ప్రబలినది. భయపడిన ప్రజలు ఈ బిళ్ళలను ఆశ్రయించినారు. కొలది యేండ్లలో అవి లక్షల సంఖ్యలో వ్యాపించినవి. నాటి నుండి నేటి వరకు ఈ నమూనా ముద్రితమగుచునే యున్నది. కావున 1830 అన్నది దర్శనమైన యేడే గాని, బిళ్ళ పుట్టిన యేడు కాదు. మిఠాయి దుకాణపు బోర్డుపై 'స్థాపితము 1920' అని వ్రాసియున్నంత మాత్రమున ఆ బోర్డు 1920 నాటిది కాదు గదా!

పునీత బెనెడిక్టు పతకముల సంగతియు ఇటువంటిదే. ఆయన జన్మించి పదునాలుగు వందల యేండ్లయిన సందర్భమున 1880లో ఒక క్రొత్త నమూనా వెలసినది. దానిపై శాంతి అను అర్థముగల 'పాక్స్' అను లాటిను మాట కనిపించును. పూర్వపు బిళ్ళలలో ఆ స్థానమున యేసు నామమును సూచించు మూడక్షరములుండుట పరిపాటి. పాక్స్ నమూనాపై నున్న 1880 కూడ ఉత్సవపు సంవత్సరమే. దానినే తరువాతి తరములవారును ముద్రించుచు వచ్చినారు.

కనుక కాలనిర్ణయములో మొదటి సూత్రమిది: బిళ్ళపై గుర్తులు 'ఇంతకు ముందుది కాదు' అని రూఢిగా చెప్పగలవు, 'సరిగా ఈ నాటిది' అని చెప్పుట అరుదు. ఈ హద్దును నిర్ణయించుటకు పునీతుల చరిత్ర మిక్కిలి తోడ్పడును. కతోలిక సంఘము ఒకరికి మొదట ధన్యుడను పట్టమును, తరువాత పునీతుడను పట్టమును ఇచ్చును. గోవాలో భౌతిక దేహము భద్రపరుపబడియున్న ఫ్రాన్సిస్ జేవియరును మన తెలుగు కతోలికులు శౌరివారని పిలుతురు. ఆయనకు 1619లో ధన్యపట్టము లభించినది. ఇగ్నేషియస్ లొయోలా, అవిలా తెరేజా, ఫిలిప్ నేరి, ఇసిదోరు అనువారితో పాటు 1622 మార్చి 12వ తేదీన పునీతపట్టము లభించినది. ఈ యైదుగురును కలిసియున్న బిళ్ళ ఏదైనను ఆ సందర్భమును తలపించును. పేరునకు ముందు ధన్యుడను సంకేతమున్నదా, పునీతుడను సంకేతమున్నదా అని చూచుటయు ఉపకరించును. ఇట్లే లూర్దు గుహ ముందు మోకరిల్లిన బాలిక బొమ్మ యున్న బిళ్ళ 1858కి ముందుది కాజాలదు. ఆ బాలిక బెర్నదెత్ పేరునకు పునీత పదము చేరియున్నచో సామాన్యముగా అది 1933 తరువాతిదే.

రెండవ సాక్షి లోహము. అల్యూమినియమును చౌకగా తీయు విద్యుత్పద్ధతి 1886లో కనుగొనబడినది. తేలికయైన ఆ తెల్లని బిళ్ళ ఎంత మట్టి పట్టియున్నను దాదాపు నిశ్చయముగా తరువాతి కాలపుదే. మూడవ సాక్షి పనితనము. పదునేడు, పదునెనిమిదవ శతాబ్దముల బిళ్ళలలో పెక్కు ఇత్తడి, కంచు లోహములవి. కొంచెము మందముగ నుండి, కొక్కెము బిళ్ళతోనే ఏకముగా రూపొందియుండును. అడుగున 'రోమా' అని యున్నచో అది ఆ నగరపు పనితనమునకు గుర్తు. పలుచని రేకుపై యంత్రముతో అచ్చొత్తి, వేరుగా వలయము తగిలించినవి పిమ్మటి కాలపు వాడుక. ఏ యొక్క సాక్షి మాటనో నమ్మక, అందరిని కలిపి విచారింపవలెను.

ఇంతకును బిళ్ళ తయారైన కాలము వేరు, పోయిన కాలము వేరు. అవ్వ మెడలోని బిళ్ళ మనుమరాలి జపమాలకు ఎక్కవచ్చును. ఆ అరుగుదలయే దాని జీవితచరిత్ర. ఇత్తడి చెంబును తోమినట్లు చింతపండుతోనో, నిమ్మరసముతోనో దానిని తళతళలాడించినచో ఆ చరిత్ర చెరిగిపోవును. మెత్తగా మట్టి వదలించి ఊరకుండుట మేలు.

అన్నింటికంటె గొప్ప సాక్షి బిళ్ళలో లేదు. అది దొరకిన చోటున నున్నది. ఇంగ్లండులో ఎలిజబెత్ రాణి కాలమున, 1571లో, రోము నుండి సిలువలు, బొమ్మలు, జపమాలలు మున్నగు భక్తివస్తువులను దేశములోనికి తెచ్చుట శిక్షార్హమని శాసనము చేసినారు. ఆ తరువాతి కాలపు రోమా పతకము ఇటలీలో దొరకినచో వింత లేదు. ఇంగ్లండులోని ఒక పల్లె పొలమున దొరకినచో దాని యర్థము వేరు. చట్టమునకు వెరవక, బహుశః చొక్కా లోపల దాచుకొని, ఒకరు తమ విశ్వాసమును కాపాడుకొన్నారన్న మాట. ఆ మనిషి పేరు ఏ గ్రంథములోను లేకపోవచ్చును. ఆ మనిషికి ఆ బిళ్ళయు, ఆ చోటును మాత్రమే సాక్ష్యము. చోటు వ్రాసికొనకుండ బిళ్ళను జేబులో వేసికొన్నవాడు తెలియకయే సగము సాక్ష్యమును చెరిపివేయుచున్నాడు. ఇత్తడి బిళ్ళకు అంగడిలో ధర స్వల్పమే. పోయిన సాక్ష్యమునకు మాత్రము వెల లేదు.

అందువలననే పెక్కు దేశములు నియమములు ఏర్పరచినవి. ఇంగ్లండులో 1996 నాటి నిక్షేపముల చట్టము ప్రధానముగా మూడు వందల యేండ్లు దాటిన బంగారు, వెండి వస్తువులను గూర్చినది. సామాన్యమైన ఇత్తడి బిళ్ళ దాని క్రిందికి రాదు. అట్టి వాని వివరములు స్వచ్ఛందముగా తెలుపుటకు 1997లో ఒక పథకము ప్రారంభమైనది. దొరకిన చోటుతో సహా పదిహేను లక్షలకు పైగా వస్తువులు అందులో నమోదైనవి. ఫ్రాన్సులో పురావస్తువుల కొరకు యంత్రముతో వెదకుటకు ప్రభుత్వాధికారి అనుమతియు, భూస్వామి సమ్మతియు ఉండవలెను. మన దేశములో 1878 నాటి చట్టము ప్రకారము, భూమిలో దాగియుండి దొరకిన వస్తువు విలువ పది రూపాయలు మించినచో కలెక్టరుకు తెలుపవలెను. పురావస్తు శాఖ రక్షణలో నున్న స్థలములలో అనుమతి లేక త్రవ్వుట నిషిద్ధము.

చట్టమునకు మించిన మర్యాద యొకటి కలదు. మృతుల చేతులలో జపమాల నుంచి పూడ్చుట కతోలికుల ఆచారము. బిళ్ళ వెంబడి పూసలో, ఎముకలో కనబడినచో అక్కడ చేయి నిలిపి అధికారులకు తెలుపవలెను. అది ఒకరి చివరి విశ్రాంతి స్థలము.

మనలో అట్టి యంత్రము పట్టి పొలములు తిరుగువారు తక్కువ. కాని భక్తి పతకములు మన ఇండ్లలోను కలవు. ప్రతి ఫిబ్రవరిలో గుణదల కొండ మీద లూర్దుమాత తిరునాళ్ళకు వేలాది జనము వత్తురు. ఎన్ని ఇండ్లలోనో అమ్మమ్మల పెట్టెల అడుగున, తిరునాళ్ళలో కొన్న బిళ్ళయో, తీర్థయాత్రలో తెచ్చిన డాలరో ఉండకపోదు. అది ఎవరిది, ఎక్కడిది, ఏ యేట వచ్చినది అని చెప్పగల పెద్దలుండగనే అడిగి ఒక చీటీపై వ్రాసి దానితో ఉంచినచో, రేపు దానిని చేతబట్టిన మనుమలకు ఈ కాలనిర్ణయపు శ్రమ తప్పును.