ఎవరిని అడగాలి?

‘శిక్షణలో కులవివక్షను ఎదుర్కొన్నారా?’ అని సంస్థలు సర్వే చేస్తాయి. విభాగంలో ఒకే ఒక్క దళిత ఉద్యోగి ఉంటే, పేరు రాయకున్నా ఆ జవాబు ఎవరిదో తెలిసిపోతుంది. ఇక ‘అవును’ అనే ధైర్యం ఎవరికుంటుంది?

2011-12 భారత మానవాభివృద్ధి సర్వే పాటించేవారినే ప్రశ్నించింది. మీ ఇంట్లో అంటరానితనం పాటిస్తారా అని మొదట అడిగింది. లేదన్నవారిని, దళితులు వంటగదిలోకి వస్తే, పాత్రలు వాడితే అభ్యంతరమా అని మళ్లీ అడిగింది. రెండు జవాబులూ కలిపితే దాదాపు 27 శాతం కుటుంబాలు పాటిస్తున్నట్టు తేలింది. ‘లేదు’ అన్న జవాబు దగ్గర ఆగిపోకపోవడమే అందులోని మెళకువ.

శిక్షణ సర్వేలూ అధికారులను అడగాలి: గత ఏడాది శిక్షణకు ఎవరెవరి పేర్లు పంపారు? ఎవరిని, ఏ కారణంతో వదిలేశారు? తోటివారినీ అడగాలి: సహోద్యోగి ఇంటిపేరు, రిజర్వేషన్ గురించి ఎప్పుడైనా ఆరా తీశారా? కులం రాసే గడి చివర్లో, ఐచ్ఛికంగా ఉండాలి. నింపిన పత్రాలు మాత్రం యాజమాన్యం చేతికి వెళ్లకూడదు.