ఇంట్లో చేసుకునే ఫాంటసీ కార్డ్ గేమ్: బొమ్మ కింద రాసే ఆ రెండు లైన్ల కథ

తణుకు నుంచి మళ్లీ మీ ముందుకి వచ్చేశాను. ఈ ఎపిసోడ్‌లో మనమే ఇంట్లో చేసుకునే ఫాంటసీ కార్డ్ గేమ్ గురించి మాట్లాడుకుందాం. మాంత్రికులు, రాక్షసులు, శాపాలు, మాయకత్తులు ఉండే ఆట. బొమ్మ ఎలా గీయాలో నేను చెప్పను, నాకంటే మీరే బాగా గీస్తున్నారు. బొమ్మ కింద రాసే ఆ రెండు లైన్ల గురించి చెప్తాను. ఎందుకంటే ఆటని ఆడించేది ఆ రెండు లైన్లే.

మీలో చాలామంది నోట్‌బుక్ అట్టల మీద చేసిన కార్డుల ఫోటోలు పంపుతున్నారు. బొమ్మలు అదిరిపోతున్నాయి. కానీ ఎక్కువ కార్డుల మీద ఒకటే మాట కనిపిస్తోంది: దాడి 9999, ప్రాణం 9999, దీన్ని ఎవరూ చంపలేరు. గీసినవాడికి గర్వంగానే ఉంటుంది. మరి ఎదురుగా కూర్చున్నవాడి సంగతి? మొదటిరోజు ఓడిపోతాడు. రెండోరోజు ఓడిపోతాడు. మూడోరోజు "ఒరేయ్, నేను క్రికెట్‌కి పోతున్నా" అంటాడు. మన ఊళ్లల్లో ఇలాంటి ఆట ఆడేవాళ్లు వీధికి ముగ్గురో నలుగురో ఉంటారు. అందులో ఒకడు లేచిపోతే ఆటే లేచిపోయినట్టు. కాబట్టి కార్డు చేసేటప్పుడు అసలు ప్రశ్న "నా కార్డు ఎంత గొప్పది" అని కాదండీ. "వీడు రేపు మళ్లీ ఆడటానికి వస్తాడా" అని.

ముందు చిన్న తేడా చెప్తాను. స్కూల్లో మనం రెజ్లింగ్ ట్రంప్ కార్డులు ఆడేవాళ్లం కదా. ఎత్తు, బరువు, ర్యాంక్ చెప్పుకోవడం, ఎవరి నంబర్ పెద్దదైతే వాళ్లు ఎదుటోడి కార్డు లాక్కోవడం. అక్కడ పెద్ద నంబర్ ఉంటే చాలు. ట్రేడింగ్ కార్డ్ గేమ్ అలా కాదు. 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ అనే లెక్కల మాస్టారు తయారుచేసిన మ్యాజిక్: ద గ్యాదరింగ్‌తో ఈ రకం ఆటలు మొదలయ్యాయి. విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ దాన్ని అమ్మింది. తర్వాత 1996లో జపాన్‌లో పోకేమాన్ కార్డులు, 1999లో యు-గి-ఓ వచ్చాయి. మ్యాజిక్‌లో చాలా కార్డులకి ఒక ఖర్చు ఉంటుంది. దాన్ని మానా అంటారు. మనం 'శక్తి' అనుకుందాం.

మన డెల్టా వాళ్లకి ఇది అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పొచ్చు. కాలవ నీళ్లకి వంతు ఉంటుంది కదా. మీ వంతు వచ్చినప్పుడు వచ్చినన్ని నీళ్లతోనే ఏ మడి తడపాలో తేల్చుకోవాలి. శక్తి కూడా అంతే. మొదటి వంతులో 1, రెండో వంతులో 2, మూడో వంతులో 3. వాడని శక్తి తర్వాతి వంతుకి మిగలదు. ఇప్పుడు 5 శక్తి కార్డు చేతిలో ఉంటే ఐదో వంతు దాకా ఆగాలి. ఆగే లోపల ఎదుటోడు చిన్న చిన్న కార్డులతో మిమ్మల్ని కొట్టేస్తుంటాడు. ఆట అంటే ఈ లాగుడే.

మరి ఏ పనికి ఎంత ఖర్చు పెట్టాలి? దీనికి మ్యాజిక్ మొదటి సెట్‌లోనే మంచి పాఠం ఉంది. అందులో ఐదు రంగులు. రంగుకొకటి చొప్పున ఐదు కార్డులు చేశారు. ఐదింటికీ ఖర్చు 1. ఐదూ ఏదో ఒకటి 3 ఇస్తాయి. తెలుపు కార్డు హీలింగ్ సాల్వ్ 3 ప్రాణం ఇస్తుంది, లేదా 3 దెబ్బలు ఆపుతుంది. ఎరుపు కార్డు లైట్నింగ్ బోల్ట్ 3 దెబ్బలు కొడుతుంది. ఆకుపచ్చ జెయింట్ గ్రోత్ ఒక జీవికి ఆ వంతు వరకు 3 దాడి, 3 ప్రాణం పెంచుతుంది. నలుపు డార్క్ రిచ్యువల్ 3 శక్తి ఇస్తుంది. నీలం యాన్సెస్ట్రల్ రీకాల్ 3 కార్డులు తీసుకోమంటుంది.

కాగితం మీద చూస్తే ఐదూ సమానం. 1 ఇచ్చి 3 తీసుకోవడమే కదా! కానీ ఆటలో తేలిందేంటి? మూడు కార్డులు ఇచ్చే నీలం కార్డు ఎంత బలమైందంటే, వింటేజ్ అనే పద్ధతిలో డెక్‌కి ఒక్కటే పెట్టుకోవాలి. లెగసీ పద్ధతిలో అసలు నిషేధం. తెలుపు కార్డుని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. 3 ప్రాణం అంటే మీ చావుని కొంచెం వాయిదా వేసుకున్నట్టు, అంతే. 3 కార్డులంటే మూడు కొత్త దారులు. అంకె ఒకటే అయినా విలువ ఒకటి కాదు. ఇది గుర్తుపెట్టుకోండి: కార్డులు ఇచ్చే కార్డు మీరు అనుకున్నదానికంటే ఎప్పుడూ బలంగానే ఉంటుంది. యు-గి-ఓలో పాట్ ఆఫ్ గ్రీడ్ అనే కార్డుకి ఖర్చే లేదు, రెండు కార్డులు తీసుకో అంటుంది. అది కూడా నిషేధంలోకే వెళ్లింది.

సరే, ఇప్పుడు మనమే ఒక కార్డు చేద్దాం. డ్రాగన్లు ఎందుకండీ, మనకి కథలకి కరువా? బాలనాగమ్మ కథ తీసుకుందాం. బుర్రకథల్లో చెప్పేవాళ్లు, 1942లో జెమిని వాళ్లు సినిమా కూడా తీశారు. అందులో మాయల ఫకీరు ఉంటాడు, కొందరు మాయల మరాఠీ అంటారు. వాడి ప్రాణం వాడిలో ఉండదు. ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. కార్డ్ డిజైన్‌కి ఇంతకంటే మంచి ఐడియా ఎక్కడ దొరుకుతుంది చెప్పండి?

మన ఆటలో ఇద్దరికీ చెరో 20 ప్రాణం అనుకుందాం. మొదటి వెర్షన్ చూడండి. మాయల ఫకీరు, ఖర్చు 5, దాడి 5, ప్రాణం 5, 'ఫకీరు చావడు'. ఇది 9999కి చుట్టమే. 20ని 5తో కొడితే నాలుగు దెబ్బల్లో ఆట అయిపోతుంది. ఎదుటోడు ఆ నాలుగు వంతులూ చూస్తూ కూర్చోవాలి. కొట్టేసేద్దాం దీన్ని.

రెండో వెర్షన్. ఫకీరు వచ్చినప్పుడు పక్కన చిలక కార్డు పెట్టాలి, దాని ప్రాణం 1. చిలక ఉన్నంతసేపు ఫకీరు చావడు, చిలక పోతే ఫకీరూ పోతాడు. కథ వచ్చింది. కానీ ఇప్పుడు తక్కెడ అటు ఒరిగింది. 1 శక్తి ఖర్చయ్యే ఏ చిన్న దెబ్బైనా చిలకని చంపేస్తుంది, దాంతో 5 శక్తి పెట్టిన ఫకీరు గోవిందా. ఇక వాణ్ణి డెక్‌లో ఎవడు పెట్టుకుంటాడు?

మూడో వెర్షన్. చిలకని నేరుగా కొట్టకూడదు. దాని మీద సముద్రం గుర్తులు పెడతాం, చింతగింజలైనా సరిపోతాయి. ఎదుటోడు తన వంతులో ఒక వీరుడితో దాడి చేయించే బదులు వాణ్ణి ప్రయాణానికి పంపొచ్చు. అలా పంపితే ఒక సముద్రం దాటినట్టు, ఒక గింజ తీసెయ్యాలి. వంతుకి ఒక్కటే. గింజలన్నీ అయిపోతే చిలక, ఫకీరు ఇద్దరూ పోతారు.

ఎన్ని గింజలు పెట్టాలి? కథ ప్రకారం ఏడు. లెక్క చూడండి. ఫకీరు దాడి 5 అయితే నాలుగు వంతుల్లో ఆట ముగుస్తుంది, ఏడో సముద్రం ఎవడు దాటుతాడు? అందుకని దాడి 4 చేద్దాం, గింజలు 3 పెడదాం. ఇప్పుడు ఎదుటోడు మూడు వంతులు ప్రయాణం చేస్తే ఆ లోపల 12 ప్రాణం పోతుంది, 8 మిగులుతుంది. పైగా మూడు దాడులు వదులుకున్నాడు. ప్రయాణం చెయ్యాలా, లేకపోతే ఫకీరుని వదిలేసి మనల్నే సూటిగా కొట్టాలా? ఇద్దరూ ఆలోచించాల్సిందే. కథలో ఏడు సముద్రాలు, కార్డులో మూడు. ఎవడైనా "కథ మార్చేశావు" అంటే, ఒక్క ఆట ఆడించి చూపించండి.

చూశారా, కార్డు బలం తగ్గలేదు. ఎదుటోడికి ఒక దారి దొరికింది. ఎంత పెద్ద కార్డైనా ఫర్వాలేదు, దానికి ఒక చిలక ఉండాలి.

ఇంకో రకం కార్డు చూద్దాం, ఇప్పుడు పెట్టుబడి పెట్టి తర్వాత పంట తీసుకునేది. దీనికి నాకు కాటన్ దొర గుర్తొస్తాడు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కట్టేటప్పుడు అంతా ఖర్చే, తర్వాత డెల్టా అంతా నీళ్లే. కార్డు ఇలా ఉంటుంది: ఖర్చు 3, దాడి 0, ప్రాణం 3, 'మీ ప్రతి వంతులో 1 శక్తి ఎక్కువ'. మూడో వంతులో మీ శక్తంతా దీనికే పోతుంది, టేబుల్ మీద కొట్టేవాడు లేడు. కానీ నాలుగో వంతులో మీకు 4 కాదు, 5 ఉంటుంది. ఎదుటోడికంటే ఒక వంతు ముందు ఫకీరుని దింపొచ్చు. ఆ మధ్యలో దెబ్బలు తినాలి. ఆ రిస్క్ ఉంది కాబట్టే కార్డు బాగుంది.

ఇప్పుడు భాష సంగతి. నేను బీటెక్ చేసి కొన్నాళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను కదా, అక్కడ ఒకటి బాగా తెలిసింది. కంప్యూటర్ మీరు అనుకున్నది చెయ్యదు, మీరు రాసింది చేస్తుంది. ఆటలో ఎదుటోడు కూడా అంతే! 'ఒక వీరుణ్ణి తీసెయ్' అని రాశారనుకోండి. ఎవరి వీరుణ్ణి? నాదా, నీదా? ఎవరు ఎంచుకోవాలి? తీసేస్తే చేతిలోకి వెళ్తాడా, చచ్చినట్టా? తెలుగులో మనం కర్తని మింగేసి మాట్లాడతాం, మాట్లాడేటప్పుడు నడిచిపోద్ది, కార్డు మీద మాత్రం గొడవలైపోద్ది. అందుకని ప్రతి కార్డులో మూడు మాటలు తేలాలి: ఎప్పుడు, ఎవరు, ఎంత. 'ఈ కార్డు వేసినప్పుడు, ఎదుటి ఆటగాడు తన వీరుల్లో ఒకణ్ణి తనే ఎంచుకుని చంపాలి.' కొంచెం పొడుగైంది, కానీ జుట్లు పట్టుకోవడాలు ఉండవు.

తర్వాత డెక్. అన్నీ పెద్ద కార్డులే పెడితే మొదటి నాలుగు వంతులు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి. 30 కార్డుల డెక్‌కి ఇలా మొదలుపెట్టండి: ఖర్చు 1 ఉన్నవి 8, ఖర్చు 2 ఉన్నవి 9, ఖర్చు 3 ఉన్నవి 6, ఖర్చు 4 ఉన్నవి 4, ఖర్చు 5, ఆ పైన ఉన్నవి 3. కూడితే 30. ఫకీరు లాంటివాళ్లు మూడే. సినిమాలో హీరోలు ఎంతమంది ఉంటారు చెప్పండి, మిగతావాళ్లంతా ఊళ్లో జనమే కదా.

ఇక తయారీ. మ్యాజిక్ కార్డు సైజు సుమారు 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 పొడవు. ఏ4 కాగితం మీద మూడు వరసల్లో తొమ్మిది కార్డులు సరిగ్గా పడతాయి. అంటే 30 కార్డులకి నాలుగు కాగితాలు. ముందే కలర్ ప్రింట్‌కి పరిగెత్తకండి. మొదట పెన్సిల్‌తో రాయండి, బొమ్మ కూడా వద్దు. ఎందుకంటే రెండు గంటలు కూర్చుని రంగులేసిన కార్డుని మార్చడానికి మనసొప్పదు, పెన్సిల్ అంకెని చెరపడానికి ఏమీ అనిపించదు. అంకెలు కుదిరాక బొమ్మ గీయండి. గట్టిదనం కోసం ఇంట్లో పాత శుభలేఖలు ఉంటాయి కదా, వాటి మీద అంటించి కోసుకోండి. వెనకవైపు మాత్రం అన్నీ ఒకేలా ఉండాలి, లేకపోతే వెనక నుంచే కార్డు తెలిసిపోతుంది.

చేత్తో గీసిన కార్డులు మనకేం కొత్త కాదండీ. దశావతార గంజిఫా అని ఉంది. పది అవతారాలు, ఒక్కో అవతారానికి రాజు, మంత్రి, పది అంకెల కార్డులు, మొత్తం 120. గుండ్రంగా కోసి, ఒక్కోటి చేత్తో రంగులేసేవాళ్లు. కాబట్టి ఎవడైనా "ఇదేం పిచ్చి పనిరా" అంటే ఆ 120 చెప్పండి.

ఒక జాగ్రత్త. పోకేమాన్ బొమ్మలు, మ్యాజిక్ పేర్లు వాడి మీ ఫ్రెండ్స్‌తో ఆడుకోవడం వేరు, వాటిని ప్రింట్ చేసి అమ్మడం వేరు. అవి వాళ్ల సొత్తు. మీ పేర్లు, మీ బొమ్మలు ఉంటే ఏ బెంగా ఉండదు. ఇందులో భవిష్యత్తు కూడా ఉందండోయ్. 2006లో మ్యాజిక్ వాళ్లు గ్రేట్ డిజైనర్ సెర్చ్ అని పోటీ పెట్టి, ఆట ఆడే మామూలు జనంలోంచే డిజైనర్లని వెతుక్కున్నారు.

చివరగా టెస్టింగ్. ఐదు ఆటలు ఆడండి. తర్వాత డెక్కులు మార్చుకోండి. మీరు చేసిన డెక్ ఎదుటోడికి ఇచ్చేసి, మీరు అటు కూర్చోండి. మీ ఫకీరు మీ మీదకే వస్తాడు. అప్పుడు మీకు చెయ్యడానికి ఏదైనా పని ఉందా, లేదా చూస్తూ కూర్చున్నారా? పని ఉంటే కార్డు పాసైనట్టు. లేకపోతే పెన్సిల్ తియ్యండి.

ఈ వారం మీకు పని ఇది: మీ అమ్మమ్మనో తాతయ్యనో అడిగి ఒక పాత కథ వినండి, అందులోంచి ఒకే ఒక్క కార్డు చెయ్యండి. దాని పక్కనే దాని చిలక ఏంటో కూడా రాసి పంపండి. బాగున్నవి వచ్చే ఎపిసోడ్‌లో టేబుల్ మీద పెట్టి ఆడి చూపిస్తాను. ఉంటానండీ మరి.