పసివాడికి నిద్రపోని కావలి

ఇంటికి వచ్చిన పిల్లవాడి చేతిలో లడ్డు పెట్టడం బందరు వారి మర్యాద. ఆ పిల్లవాడికి చక్కెర జబ్బు ఉంటే?

పసిపిల్లలకు వచ్చేది మొదటి రకం మధుమేహం. తీపి తిన్నందువల్ల వచ్చేది కాదు. తల్లి తప్పూ కాదు. క్లోమంలో ఇన్సులిన్ ఊరడం ఆగిపోతుంది. 1922లో టొరంటోలో 14 ఏళ్ల కుర్రవాడికి తొలి ఇన్సులిన్ సూది పడేదాకా ఇటువంటి పిల్లలు దక్కేవారు కారు.

ఇప్పటి భయమల్లా రాత్రిదే. ఇన్సులిన్ కాస్త ఎక్కువైతే నిద్రలోనే చక్కెర పడిపోతుంది, పసివాడు చెప్పలేడు. అందుకే తల్లులు అర్ధరాత్రి లేచి వాడి వేలు గుచ్చి చూసేవారు. ఇప్పుడు జబ్బకు అంటించే చిన్న బిళ్ల కొన్ని నిమిషాలకొకసారి అంకె చూపుతుంది. 70 మిల్లీగ్రాములకు దిగితే ఫోనులో గంట మోగుతుంది.

అయితే అది కొలిచేది రక్తం కాదు, చర్మం కింది నీరు. అంకె కొంత వెనుకబడుతుంది; బిళ్లమీద ఒత్తిగిలి పడుకున్నా తప్పుగా తగ్గుతుంది. అనుమానం వస్తే వేలు గుచ్చవలసిందే. గుడివాడ, దివిసీమల ఉక్కపోతలో చెమటకు బిళ్ల ఊడకుండా పైన పట్టీ వెయ్యాలి.

గంట మోగినప్పుడు మాత్రం లడ్డు పనికిరాదు; నెయ్యి వల్ల తీపి ఆలస్యంగా రక్తంలో చేరుతుంది. డాక్టరు చెప్పిన మోతాదులో గ్లూకోజు నీళ్లు పట్టండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయక ఆస్పత్రికి పరుగెత్తండి.

మరి లడ్డు? భోజనం వేళ, ఇన్సులిన్ లెక్కలో చేరి, అది వాడికీ దక్కుతుంది.