చిన్న ఏరియల్ - వెడల్పైన పట్టీ

మెదకు చర్చి గోపురం ఎత్తు సుమారు 175 అడుగులు, అనగా 53 మీటర్లు. హైదరాబాదు ఆకాశవాణికి కేటాయించిన 738 కిలోహెర్ట్జ్‌ల తరంగదైర్ఘ్యం సుమారు 406 మీటర్లు. నిలువు ఏరియల్ చక్కగా పనిచేయడానికి తరంగదైర్ఘ్యంలో నాలుగవ వంతు ఎత్తు ఉండటం మంచిది. అనగా ఆ ప్రసారానికి తగిన స్తంభం ఈ గోపురానికి ఇంచుమించు రెట్టింపు ఎత్తుండవలెను. చేతి ఫోనులోని 3,500 మెగాహెర్ట్జ్‌ల తరంగానికైతే రెండు సెంటీమీటర్ల కడ్డీ చాలును.

అయినా చిక్కు తీరలేదు. 2022లో మన దేశంలో 5జి కొరకు వేలం వేసిన ఒక పట్టీ 3,300 నుండి 3,670 మెగాహెర్ట్జ్‌ల వరకు వ్యాపించి ఉన్నది. తరంగదైర్ఘ్యంతో పోల్చితే ఏరియల్ మరీ చిన్నదైనకొద్దీ అది పనిచేసే పట్టీ ఇరుకవుతుంది. 1947లో వీలర్, 1948లో చూ ఈ హద్దును గణితంతో చూపించారు.

రెండవ చిక్కు ఏరియల్ వెనుకనుండే లోహపు రేకు. త్రాడు కొనను గోడమేకుకు బిగించి, రెండవ కొనను ఒక్కసారి పైకి ఆడించండి. అల గోడను తాకి తలక్రిందులై తిరిగివస్తుంది. రేకునుండి మరలివచ్చే విద్యుత్ క్షేత్రం గతి కూడ ఇంతే. రేకుకు దగ్గరగా ఏరియల్ ఉంచితే, పోయే అల, వచ్చే అల ఒకదానినొకటి హరించుకొంటాయి. కనుక నడుమ పావు తరంగదైర్ఘ్యం ఎడము విడువవలెను. పోకకు పావు, రాకకు పావు, వెరసి అర తరంగం ఆలస్యమై రెండు అలలు కలిసిపోతాయి. కాని రెండు సెంటీమీటర్ల ఎడము పలుచని పరికరంలో ఇమడదు.

త్రాడును మేకుకు కాక, నిలువు కడ్డీపై తేలికగా జారే ఉంగరానికి కట్టితే? అల తలక్రిందులు కాకుండానే తిరిగివస్తుంది. రేడియో తరంగాలకు ఇటువంటి పరావర్తనం కలిగించే తలం ఒకరకపు మెటాసర్ఫేస్. 1999లో అమెరికాలో సీవెన్‌పైపర్, ఆయన సహచరులు దీనిని వర్ణించారు. రేకుపై విద్యుద్బంధకం, దానిపై వరుసలుగా చిన్న లోహపు బిళ్ళలు, ప్రతి బిళ్ళనుండి రేకుకు ఒక మేకు - చూచుటకు పుట్టగొడుగుల మడివలె ఉంటుంది. బిళ్ళల నడుమ సందు కండెన్సరుగాను, మేకులగుండా విద్యుత్తు తిరిగే దారి తీగచుట్టగాను పనిచేస్తాయి. ఇవి అనునాదం చెందే పౌనఃపున్యం వద్ద తిరిగివచ్చే అల తలక్రిందులు కాదు. అప్పుడు ఏరియల్‌ను తలానికి కొద్ది మిల్లీమీటర్ల దూరంలోనే ఉంచవచ్చును.

ఇక పట్టీ మాట. ఏరియల్ అనునాదానికి ప్రక్కనే తలం అనునాదం వచ్చేటట్లు బిళ్ళల కొలతలు ఎన్నుకొంటారు. దగ్గరి శ్రుతులకు బిగించిన రెండు తంత్రులవలె, ఒకటి తగ్గినచోట రెండవది అందుకొంటుంది. రెండు ఇరుకు పట్టీలు కలిసి వెడల్పైన పట్టీ ఏర్పడుతుంది.

దీనివలన చూ చెప్పిన హద్దు చెరిగిపోలేదు. తలాన్ని మరీ పలుచన చేస్తే దాని పట్టీయే ఇరుకవుతుంది. మందానికి, పట్టీకి నడుమ తగిన బేరం కుదుర్చుటయే రూపకర్త పని.

2008లో అప్పటి మెదకు జిల్లాలోని ఎద్దుమైలారంలో ప్రారంభమైన హైదరాబాదు ఐ.ఐ.టి., 2022లో జాతికి అంకితమైన స్వదేశీ 5జి పరీక్షావేదికను నిర్మించిన ఎనిమిది సంస్థలలో ఒకటి. అటువంటి ప్రయోగశాలకు దారితీసే మొదటి మెట్టు, బడిగోడకు కట్టిన త్రాడులోనే ఉన్నది.