బురద పలక

కారులో డ్రైవరు ఎదుట వేగమూ, పెట్రోలూ చూపించే పలకను డాష్‌బోర్డు అంటారని చదువరులందరికీ తెలుసు. ఆ పేరు ఎలా వచ్చిందో మాత్రం నాకు మొన్నమొన్నటిదాకా తెలియదు. 19వ శతాబ్దంలో పాశ్చాత్య దేశాల గుర్రపుబళ్ళకు ముందువైపున చెక్కో తోలో అడ్డంగా బిగించేవారట, గుర్రం డెక్కల నుంచి ఎగిరే బురద బండిలోని వారిమీద పడకుండా. బురదకు అడ్డుపెట్టిన పలక కాస్తా కాలక్రమాన సంగతులు చూపించే పలక అయింది. నా చేతిలో పడి అది మళ్ళీ అడ్డుపలక అయిన వైనం మనవి చేస్తాను.

నేను కంప్యూటరు తెరమీద కనిపించే పుటలను తీర్చిదిద్దే పనిలో వున్నాను. కుట్టుపని, ఇంగ్లీషు సంభాషణ, కంప్యూటరు లెక్కలు నేర్పే చిన్న చిన్న శిక్షణ కేంద్రాలు మా ఖాతాదార్లు. ఎవరు చేరారు, ఎవరి దరఖాస్తు ఆగింది, ఫీజు ఎంత వచ్చింది, ఇవన్నీ నిర్వాహకులు ఒక్కచోట చూసుకునేందుకు డాష్‌బోర్డు తయారుచేసింది నేనే. ఎంత ముచ్చటపడి చేశాననుకున్నారు! నాలుగు రంగుల బిళ్ళలు, రెండు పట్టీల బొమ్మలు. 1786లో పట్టీల బొమ్మనూ, 1801లో బిళ్ళ బొమ్మనూ అచ్చువేసి చూపిన విలియం ప్లేఫేర్ బతికివుంటే నా వీపు తట్టేవాడని లోలోపల మురిసిపోయాను.

ఒకనాడు గుంటూరు నుంచి ఫోను వచ్చింది. చేసినావిడ రిటైరయిన పంతులమ్మగారు. ఇంటి కింది భాగంలో ఆడపిల్లలకు కుట్టూ కంప్యూటరూ నేర్పిస్తారు.

“నాయనా, మీ బొమ్మలు బాగానే వున్నాయి గాని, మా పిల్ల ఒకత్తెకు సీటు పోయింది” అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. వుంటే బాగుండుననిపించింది.

సంగతి ఇది. తల్లితోపాటు మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళే పిల్ల ఒకతె ఫీజు రాయితీ కోరుతూ దరఖాస్తు పెట్టింది. గడువులోగా దాన్ని పంతులమ్మగారు ఆమోదించాలి. ఆ దరఖాస్తు నా బొమ్మలన్నీ దాటాక, మూడో పుటలో, లేత బూడిదరంగు అక్షరాలలో, ఒక ఎర్రచుక్క పక్కన పడివుంది. ఆవిడకు కనబడేసరికి గడువు దాటింది, సీట్లు నిండాయి. మళ్ళీ తరగతి ఆరు నెలలకు గాని లేదు. ఆ ఆరు నెలలూ పిల్ల మిరపఘాటులో తుమ్ముతూ కూర్చోవలసిందేనన్నమాట.

మరునాడే రైలెక్కాను. గంటసేపు నోరు మెదపకూడదని ఒట్టుపెట్టుకుని ఆవిడ వెనకాల కూర్చున్నాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, చేతిలోని చిన్న ఫోనులో నా బిళ్ళలు ఒక్కొక్కటే వచ్చేదాకా ఓపిగ్గా కాచుకున్నారు. తరువాత ఫోను పక్కన పెట్టి పొడుగుపాటి పుస్తకం తెరిచారు. ఒట్టు గట్టున పెట్టి, “అదేమిటండీ?” అన్నాను.

“ఇదా? అసలు లెక్క. అందులో వెతుక్కోలేక ఇందులో రాసుకుంటున్నాను.”

“ఎర్రచుక్క, ఆకుపచ్చచుక్క చూస్తే తెలియడం లేదా అండీ?”

“నాకు తెలుస్తుంది నాయనా. లెక్కలు చూసిపెట్టే మా తమ్ముడికి ఆ రెండూ ఒకటే రంగు.”

నా నోట మాట లేదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివారు మగవారిలోనే ఎక్కువ. ఏ సంగతీ ఒక్క రంగుతోనే చెప్పకూడదనీ, మామూలు అక్షరాలకూ వాటి వెనుక రంగుకూ తేడా కనీసం 4.5కు 1 వుండాలనీ అంతర్జాతీయ సూత్రాలు 2008 నాటికే వున్నాయి. వాటిని నేను చదివాను కూడా! నా బూడిద అక్షరాలు కొలిచి చూస్తే 2.3 వచ్చింది.

“పొద్దున్నే తెరవగానే మీకేం కావాలండీ?” అని అడిగాను. ఆవిడ వేళ్ళు ముడిచి చెప్పారు. “నేను సంతకం పెట్టవలసినవి ఏవి? ఫీజు ఎవరివ్వాలి? ఇవాళ ఎవరు రాలేదు? మూడే.”

ఆ మూడింటినే తెరకు ఎక్కించాను. గడువు దగ్గరపడిన దరఖాస్తు అన్నిటికన్నా పైన, “ఇంకా 2 రోజులు” అని నల్లని తెలుగు అక్షరాలలో. గడువు ముందురోజున ఫోనుకు ఒక కబురు. బిళ్ళలన్నీ “నెల లెక్కలు” అనే వేరే పుటకు పోయాయి. మా పై అధికారి చూసి, “మరీ బోసిగా వుందేమిటోయ్?” అన్నారు. పాత తెర ఇచ్చి, ఆగిపోయిన దరఖాస్తు ఒకటి వెతికి పెట్టమన్నాను. రెండు నిమిషాలు తడుముకుని, మారుమాట లేకుండా ఒప్పుకున్నారు.

ఆ పిల్ల తరువాతి తరగతిలో చేరింది. పోయిన ఆరు నెలలు మాత్రం నేను తిరిగి ఇవ్వలేను గదా.

మొన్న పంతులమ్మగారు మళ్ళీ ఫోను చేశారు. “అంతా సుఖంగా వుంది నాయనా. పుస్తకం మాత్రం మానలేదులే, కరెంటు పోతేనో? అది సరేగాని, ఆ రంగుల బిళ్ళలు ఏవీ? మా మనవరాలు చూపించమని ఒకటే గోల!”